శనివారం సర్వర్ డౌన్

ఆ వానాకాలమంతా నా మొహం మా ఇంటి గేటుకి వేలాడుతూ ఉండేది.

నిలువెత్తు ఫ్లెక్సీ. ఎడమపక్క నేను, కుడిపక్క మా మరిది వినయ్. పైన ఎర్రటి అక్షరాలతో "ఒకే ఇంటి నుంచి ఇద్దరు విజేతలు" అని రాయించారు మా మామయ్యగారు వీరరాఘవరావు. కింద మా రీడింగ్ హాల్ పేరు, ఫోన్ నంబరు, ఏసీ క్యాబిన్లు, హైస్పీడ్ వైఫై. అశోక్‌నగర్‌లో సర్కారు ఉద్యోగాలకి చదివే పిల్లలు సందుల్లో నడుస్తూ ఇలాంటి మొహాలు చూసే హాలు ఎంచుకుంటారు. నా మొహం కట్టిన వారంలోనే మా క్యాబిన్లన్నీ నిండిపోయాయి.

హాలంటే మా ఇంటి సెల్లారే. మామయ్యగారి నాన్నగారు గుంటూరు నుంచి వచ్చి ఈ సందులో ఇల్లు కట్టుకున్నారు. మామయ్యగారు రిటైరయ్యాక సెల్లార్లో కార్లు తీయించి చెక్క క్యాబిన్లు వేయించారు. అక్కడికి ఏ ఫోన్ సిగ్నలూ దిగదు. పైన ఇంటికీ కింద హాలుకీ కలిపి ఒకటే వైఫై. దాని పాస్‌వర్డు మా ఆయన ఫణికిరణ్ ఒక్కడికే తెలుసు. పరీక్షల ముందు పిల్లలే వచ్చి అతన్ని బతిమాలేవారు. "అన్నా, క్రికెట్ సైట్లు, వీడియో సైట్లు బంద్ చెయ్యన్నా. మా మీద మాకు నమ్మకం లేదు." ఫణి లాప్‌టాప్ ముందేసుకుని ఒక్కొక్క సైటు పేరు కొట్టి ఆపేసేవాడు. నేను పక్కన కూర్చుని చూసేదాన్ని.

మెట్లు దిగగానే ఉన్న టేబుల్ నాది. క్యాబిన్ తాళాలిస్తూ, వాటర్ క్యాన్ల వాడితో గొడవపడుతూ, ఆ కుర్చీలోనే చదివాను. ఖజానా శాఖలో అకౌంటెంట్ పోస్టుకి మా ఇంట్లో ముగ్గురం పరీక్ష రాశాం. నేను, వినయ్, ఫణి. ఫ్లెక్సీ మీద లేనిదెవరో చెప్పక్కర్లేదు. అది కట్టిన రోజు నిచ్చెన ఎక్కి తాడు బిగించింది కూడా ఫణే. వినయ్ వైపు ముడి ఒకేసారి పడింది. నా వైపు ముడి రెండుసార్లు జారింది.

పరీక్ష అయింది, సర్టిఫికెట్లు చూడటం అయింది. మిగిలింది ఒకటే. ఏ జిల్లా ముందు కావాలో, ఏది తర్వాతో బోర్డు వెబ్‌సైట్లో మనమే వరసగా పెట్టాలి. వెబ్ ఆప్షన్లంటారు. గడువు శనివారం సాయంత్రం ఐదు. అప్పటికి పెట్టనివాళ్లు ఉద్యోగం వదులుకున్నట్టే.

ఆ వారం మొదట్లో భోజనాల దగ్గర మామయ్యగారు మాగాయ కలుపుకుంటూ అడిగారు.

"నీ ర్యాంకుకి ఎక్కడ పడుతుందమ్మా తేజస్వీ?"

"దగ్గరవి ముందు పెడతాను మామయ్యగారూ. సంగారెడ్డి, వికారాబాద్. అవి రాకపోతే ఆసిఫాబాద్ దాకా వెళ్లొచ్చు."

"ఆసిఫాబాదా," అంది అత్తయ్య కుసుమ. గరిటె గిన్నెలో పెట్టేసింది. "నువ్వక్కడ గది తీసుకుని ఉంటావు. వీడిక్కడ హోటల్లో తింటాడు. హాలెవరు చూస్తారు? ఈ మోకాళ్లతో నేను దిగనా ఆ మెట్లు?"

"ఫణి ఉన్నారు కదా అత్తయ్యా."

"వాడు కూర్చుంటే ఎవరొస్తారే. పాసైనదాన్ని చూసి వస్తారు గానీ."

ఫణి కలిపిన అన్నమే మళ్లీ కలిపాడు.

"వదినా, ఆసిఫాబాద్‌లో పులులున్నాయట," అన్నాడు వినయ్. "పరవాలేదులే. నీ చారు ఒకసారి పోస్తే అవే మహారాష్ట్ర వెళ్లిపోతాయి."

అందరం నవ్వాం. వినయ్ అలాగే ఉండేవాడు. ఫలితాలు వచ్చిన రోజు తన పేరు చూసుకోకముందే నా పేరు చూసి కేకేసినవాడు. మూడు పరీక్షలు పోగొట్టుకుని నాలుగోది కొట్టాడు. ఇంకో నోటిఫికేషన్ పడేలోపే వాడికి వయసు దాటిపోతుంది. ఇది కాకపోతే ఇంకేదీ లేదని ఇంట్లో అందరికీ తెలుసు.

"నీదేం చేశావురా చిన్నోడా?" అన్నారు మామయ్యగారు.

"పొద్దునే పెట్టేశాను నాన్నా."

"ఘడియ చూడకుండానా?"

"మీ ఘడియ కోసం సర్వర్ కూర్చుంటుందా?"

మామయ్యగారు మురిసిపోయారు. తర్వాత నావైపు తిరిగి గొంతు మెత్తగా చేశారు. "వద్దని ఎవరన్నారమ్మా. సర్కారు ఉద్యోగం ఊరికే వస్తుందా. కాకపోతే ఆడపిల్ల ఊరు దాటే సంగతి, మంచి ఘడియలో పెట్టాలి. నేను పంచాంగం చూశాను. శుక్రవారం దాకా ఏమీ బాగాలేదు. శనివారం రెండు దాటాక దివ్యంగా ఉంది."

"అది ఆఖరి రోజు మామయ్యగారూ."

"ఐదింటి దాకా ఉందిగా. ఐదు నిమిషాల పని."

పెద్దాయన మాట. కాదంటే ఆయన మనసు మార్చుకుంటారేమోనని భయం. సరేనన్నాను. చేతులు కడుక్కుని తండ్రీ పెద్దకొడుకూ డాబా మీదికెళ్లారు. బయట ముసురు పడుతోంది. ఆ వానలో వాళ్లకి అంత మాటలేం ఉన్నాయని నేను ఆలోచించలేదు.

మర్నాడు ఫణి నా ఫోన్ రీచార్జ్ చేయించాడు. "పొద్దస్తమానం వైఫైలో ఉంటావు. నీకు డేటా దేనికి? మాట్లాడుకోవడానికి సరిపడా వేయించాను," అన్నాడు. నిజమే కదా అనుకున్నాను.

శనివారం పొద్దుట్నుంచీ వాన. రెండు దాటాక మామయ్యగారు నాతో దేవుడికి దణ్ణం పెట్టించారు. అత్తయ్య కుంకుమ పెట్టింది. నేను కిందికి దిగి టేబుల్ దగ్గర లాప్‌టాప్ తెరిచాను.

సైట్ తెరుచుకోలేదు.

మళ్లీ కొట్టాను. గుండ్రంగా తిరిగి తిరిగి తెల్లటి పేజీ వచ్చింది. ఫోన్లో చూశాను. అదే తెలుపు. క్యాబిన్ల మధ్యకెళ్లి ఒక్కొక్కరినీ అడిగాను. వాళ్లలో చాలామందిది వేరే పరీక్ష, అయినా పాపం పుస్తకాలు పక్కనపెట్టి చూశారు.

"వస్తలేదక్కా."

"నాకూ రావట్లేదండీ. డౌనే."

"ఆఖరి దినం ఎప్పుడు పనిచేసిందక్కా అది. పరేషాన్ గాకు, డేటు పెంచుతరు."

సిగ్నల్ కోసం మెట్లెక్కి బోర్డు హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. అన్ని లైన్లూ బిజీ అని పాట. నాతోపాటే సెలెక్టయిన స్వర్ణకి చేశాను. ఎత్తలేదు. మళ్లీ దిగి కూర్చోగానే ఫణి వచ్చి నా భుజం మీద నుంచి లాప్‌టాప్‌లోకి చూశాడు.

"డౌనా?"

"అందరికీ డౌనే అంటున్నారు."

తన ఫోన్ తీసి చూపించాడు. "ఇదిగో, నాదాన్లోనూ లేదు. ఎన్నిసార్లు చూళ్లేదు తేజూ మనం. సోమవారం దాకా పెంచుతారు. కాసేపు పైకెళ్లి పడుకో."

అంత ప్రేమగా అతను నాతో మాట్లాడి చాలా రోజులైంది. అది చూసి కూడా నాకు అనుమానం రాలేదు. హాల్లో ఉన్న ప్రతి మనిషినీ అడిగాను, ప్రతి మనిషీ డౌన్ అన్నాడు. ఇంతకన్నా రుజువేం కావాలి?

మూడు దాటాక స్వర్ణ వచ్చింది. అంబర్‌పేట బస్తీ నుంచి రోజూ బస్సులో వస్తుంది. వాళ్ల అమ్మా నాన్నా మహబూబ్‌నగర్ నుంచి వలస వచ్చి అపార్టుమెంట్లు కట్టేచోట పని చేస్తారు. మెట్ల పైన నిలబడి గొడుగు దులుపుతూ కేకేసింది.

"అక్కా, పెట్టినవా?"

"ఎక్కడ పెట్టను? సర్వర్ డౌన్ కదా."

"డౌనా? ఏంది మజాక్ చేస్తున్నవా? నేను పొద్దుగాల్నే పెట్టిన. మా దోస్తు గిప్పుడు పెట్టిందట, బస్సుల ఉండంగ ఫోన్ చేసింది."

నేను మెట్లెక్కి పైకి పరిగెత్తాను. స్వర్ణ తన ఫోన్లో సైట్ కొట్టింది. కళ్లముందే బోర్డు గుర్తు, నీలంరంగు గీత, లాగిన్ పెట్టె, అన్నీ వచ్చాయి. ఆ ఫోన్ లాక్కున్నంత పనిచేసి కిందికి దిగాను. నా నంబర్లన్నీ టేబుల్ మీదున్నాయి. సగం మెట్లు దిగేసరికి పేజీ తెల్లబడింది.

పైకెక్కాను. వచ్చింది.

దిగాను. పోయింది.

"ఏందక్కా గిది," అని నవ్వింది స్వర్ణ. "మెట్లు దిగితే సచ్చిపోతుంది, ఎక్కితే లేస్తుంది. దయ్యం పట్టిందా నా ఫోన్‌కి?"

నేను సగం మెట్ల మీద నిలబడి ఫోన్ పైఅంచుకేసి చూస్తున్నాను. రోజూ వచ్చే పిల్ల కదా, ఆ మెట్టు దగ్గర ఫోను దానంతటదే మా వైఫైకి తగులుకుంటోంది. విసనకర్రలాంటి ఆ చిన్న గుర్తు వెలగగానే సైట్ చచ్చిపోతోంది. ఆరగానే బతుకుతోంది.

నేను అడిగిన మనుషులందరూ ఆ విసనకర్ర కిందే కూర్చున్నారు.

"ఏంటక్కడ?" కింద నుంచి ఫణి గొంతు. మెట్ల మొదట్లో నిలబడి మెడ ఎత్తి చూస్తున్నాడు.

"ఏం లేదండీ. స్వర్ణ తడిసిపోయింది, తువ్వాలు అడుగుతోంది."

ఫోన్ స్వర్ణ చేతిలో పెట్టి చెవిలో చెప్పాను. "ఎవరితోనూ అనకు. నోరెత్తకుండా నీ క్యాబిన్‌కి వెళ్లు." ఆ పిల్ల నా మొహం చూసి నవ్వు ఆపేసింది.

ఇంట్లోకెళ్లి కూరల సంచీ, గొడుగూ తీసుకున్నాను.

"ఈ వానలో ఎక్కడికి?" అంది అత్తయ్య.

"రాత్రికి కూర లేదత్తయ్యా."

"బంగాళాదుంపలున్నాయిగా."

"మామయ్యగారికి గ్యాస్ కదా. కాకరకాయలు తెస్తాను."

వరండాలో మామయ్యగారు పేపరు చదువుతున్నారు. కళ్లద్దాల మీద నుంచి చూశారు. "నీ సైటు సంగతేమైందమ్మా?"

"డౌన్ మామయ్యగారూ. అందరికీ."

"అయ్యో," అన్నారు. అంత తృప్తిగా అయ్యో అనడం నేను ఎవరి నోటా వినలేదు. పేపరు చక్కగా మడిచి ఒళ్లో పెట్టుకున్నారు.

సందు చివరి దాకా మామూలుగా నడిచాను. మలుపు తిరిగాక పరిగెత్తాను. చిక్కడపల్లి మార్కెట్ వెనక రమాకాంత్ నెట్ సెంటర్ ఉంది. ముందు జనం. తడిసిన చీర కుచ్చెళ్లతో అందరినీ తోసుకుని కౌంటర్ మీద పడ్డాను.

"రమాకాంతన్నా, బోర్డు సైటు ఎట్లుంది?"

"మక్ఖన్ లెక్క నడుస్తుందక్కా," అన్నాడు అతను కీబోర్డు మీద నుంచి కళ్లెత్తకుండా. "పొద్దట్నుంచి ఒక్కపారి ఆగలే. ఆఖరి దినం ఎప్పుడు గిట్ల ఉండదు, ఇయ్యాల ఏందో."

గేటు దగ్గర ఫ్లెక్సీ మీద చూసుకుని వచ్చిన నా నంబరు చెప్పాను. ఫోన్‌కి వచ్చిన కోడ్ చెప్పాను. జిల్లాల పట్టీ తెరుచుకుంది. భోజనాల దగ్గర నేను చెప్పిన ప్రకారం సంగారెడ్డి, వికారాబాద్ పైన రావాలి. శనాదివారాలు ఇంటికొచ్చి హాలు చూసుకోవచ్చని అనుకున్నాను. నిన్నటిదాకా నా లెక్క అదే.

"మొదటిది ఆసిఫాబాద్ పెట్టు."

అతను చెయ్యి ఆపాడు. "అక్కా, ఉల్టా చెప్తున్నవ్. అందరు దాన్ని ఆఖరికి పెడుతున్నరు."

"ఉల్టా కాదు. అదే మొదటిది."

"ఇంట్ల అడిగినవా?"

"అడిగాను. వాళ్లే పంపించారు."

పెట్టేశాడు. పచ్చటి అక్షరాలు వచ్చాయి. ప్రింట్ తియ్యబోతే వద్దన్నాను. "కాయితం ఉండాలె గదక్కా, రేపేమన్న అయితే?" అన్నాడు. ఏమీ కాదన్నాను. మార్కెట్‌లో లేత కాకరకాయలు ఏరుకుని కొన్నాను.

నేను తిరిగొచ్చేసరికి ఇంకా అరగంట గడువుంది. ఫణి హాల్లో ఇన్వర్టర్ దగ్గర వంగి ఏదో తుడుస్తున్నాడు. నేను టేబుల్ దగ్గర సంచి పెట్టానో లేదో, వినయ్ తన క్యాబిన్లోంచి వచ్చి గుంజకి చెయ్యి ఆనించి నిలబడ్డాడు. నిద్రమొహం. మధ్యాహ్నం దాకా పడుకుని లేచి దిగినట్టున్నాడు.

"వదినా, సైట్ నిజంగానే డౌనా?"

"నీకెందుకు? నీదెప్పుడో అయిపోయిందిగా."

"నాది కాదు. మా ఫ్రెండొకడు. వాడు ఏ జిల్లా ముందు పెట్టాడు, వీడు ఏది ముందు పెట్టాడు అని చూసుకుంటూ కూర్చున్నాడు, వెధవ. ఇప్పుడు ఏడుస్తున్నాడు."

గుంజకి ఆనించిన చెయ్యి తీసి నా ముందు ఊపాడు. అరచేతిలో నీలం పెన్నుతో హాల్‌టికెట్ నంబరు రాసి ఉంది. ఫ్లెక్సీ మీద వాడి పేరు కింద నేనే అచ్చు వేయించిన నంబరు. చెమటకి ఆఖరి అంకె కొంచెం అలుక్కుపోయింది.

వాడు ఇంకా పెట్టలేదు.

నేను సంచిలోంచి ఒక కాకరకాయ తీసి చూసి మళ్లీ లోపల పెట్టాను. "మీ అన్నయ్యని అడుగు," అన్నాను. "నెట్ సంగతి ఆయనకే తెలుసు."

ఆ మాట ఫణికి వినపడేంత గట్టిగానే అన్నాను. అతను లేచి నావైపు చూశాడు, తర్వాత తమ్ముడి వైపు.

"అన్నయ్యా, డౌనేనా?"

"డౌన్ రా. ఊరంతా డౌన్."

"ఐదుకి మూసేస్తారు కదా."

"సోమవారం దాకా పెంచారు. గ్రూపుల్లో వచ్చింది."

"పక్కానా?"

"పక్కా."

అప్పుడు నేను ఇంకో మాట కూడా అన్నాను. ఆ మాట అన్నానని ఫణి తర్వాత చాలాసార్లు ఒప్పుకోవాల్సి వచ్చింది. "ఎందుకైనా మంచిది. ఆ ఫ్రెండ్ని ఒకసారి రోడ్డు మీదికెళ్లి ఫోన్లో చూసుకోమనండి."

ఫణి మొహం ఎర్రబడింది. "మధ్యలో నీకెందుకు తేజూ? డౌన్ అంటే డౌన్. రోడ్డు మీద మాత్రం ఎక్కడినుంచి వస్తుంది? పోరా, పోయి చదువుకో."

"హమ్మయ్య," అన్నాడు వినయ్. "వాడికి చెప్తాను. బతికిపోయాడు." క్యాబిన్‌కి తిరిగెళ్తూ ఈల వేశాడు. పక్క క్యాబిన్ పిల్ల తలుపు మీద కొట్టి నోరు మూసుకోమంది.

నేను కాకరకాయలు పట్టుకుని పైకెళ్లాను.

ఆ సాయంత్రం ఇంట్లో అందరూ నన్ను దేవతలా చూశారు. అత్తయ్య తనే వడ్డించింది. నెయ్యి రెండుసార్లు వేసింది. ఫణి నా కంచం పక్కన మంచినీళ్లు పెట్టాడు. మామయ్యగారు గొంతు సవరించుకున్నారు.

"బాధపడకమ్మా. ఐదు దాటింది, ఇక మన చేతుల్లో లేదు. రాసిపెట్టి ఉండాలి దేనికైనా. ఈ హాలే నీ ఉద్యోగం అనుకో. నువ్వు లేకపోతే మేమెక్కడ?"

"అదేంటి నాన్నా," అన్నాడు వినయ్ నోట్లో ముద్దతో. "సోమవారం దాకా పెంచారుగా."

"ఎవరు చెప్పార్రా? పెంచలేదు. టీవీలో కూడా చెప్పాడు."

వినయ్ అన్నయ్య వైపు చూశాడు. ఫణి పప్పు గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. "నీకెందుకురా దాని గొడవ. నీది ఎప్పుడో పెట్టేశావుగా."

వినయ్ ముద్ద మింగలేదు, ఉమ్మలేదు. కుడిచేతిలో అన్నం, ఎడమ అరచేతిలో ఆ నీలం గీతలు. తర్వాత లేచి వెళ్లి చేతులు కడుక్కున్నాడు. సింకు దగ్గర చాలాసేపు కడిగాడు.

"కాకరకాయ కాస్త చేదుందిలే. అందుకే లేచాడు," అంది అత్తయ్య.

"చేదు ఒంటికి మంచిదే," అన్నారు మామయ్యగారు. రెండోసారి వేయించుకున్నారు.

ఆ తర్వాత బోర్డు జాబితా వచ్చేదాకా ఆ ఇంట్లో జరిగిందంతా తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. సైటు ఆపిన సంగతి తండ్రికీ పెద్దకొడుక్కీ తెలుసు. చిన్నకొడుకు మునిగిన సంగతి చిన్నకొడుక్కి తెలుసు. ఒకరిది ఒకరికి తెలియదు. నేను మాత్రం అందరికీ టీలు ఇస్తూ తిరిగాను.

ఒక మధ్యాహ్నం వినయ్ నా టేబుల్ దగ్గరికొచ్చి కూర్చున్నాడు. గడ్డం పెరిగింది. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"వదినా, ఒక మాట చెప్తాను. నాన్నతో అనకు. నేనూ పెట్టలేదు."

నేను తాళాలు సర్దుతూ విన్నాను.

"మనిద్దరం ఒకే పడవలో ఉన్నాం. ఊరంతా సైట్ డౌన్ అయితే తప్పు బోర్డుదే కదా. ఇద్దరం కలిసి ఫిర్యాదు పెడదాం. అవసరమైతే కోర్టుకెళ్దాం. నువ్వు రాస్తే నేను సంతకం పెడతాను. ఏమంటావు?"

వాడి కళ్లలో ఆశ చూశాను. వాడు నాకు ఎన్నడూ ఏ చెడూ చేయలేదు. టీ తెమ్మని కేకలేసేవాడు, తెస్తే తాగేవాడు, అంతే.

"మీ అన్నయ్యని అడుగు," అన్నాను. "ఆ రోజు డౌన్ అయిందని ఆయనే సాక్ష్యం చెప్పాలి."

వాడు అడిగాడో లేదో నాకు తెలియదు. ఆ రాత్రి నుంచి ఫణి నిద్రలో పళ్లు కొరకడం మొదలుపెట్టాడు.

జాబితా వచ్చిన రోజు హాల్లో స్వర్ణే ముందు చూసింది. సైటు మీద అడ్డు ఎప్పుడో తీసేశారు కాబట్టి మెట్ల కింద కూడా బాగానే తెరుచుకుంది.

"అక్కా! నీకు ఆసిఫాబాదొచ్చింది. నాకు నాగర్‌కర్నూల్."

క్యాబిన్ల తలుపులు తెరుచుకున్నాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. మామయ్యగారు చప్పుళ్లు విని చెప్పుల్లేకుండానే దిగొచ్చారు. నా పేరు ఆయనే చదువుకున్నారు, వేలు పెట్టి.

"ఇదెలా? నీకు సైట్ డౌన్ కదా?"

"చిక్కడపల్లిలో డౌన్ కాలేదు మామయ్యగారూ. కూరలకెళ్లినప్పుడు పెట్టేశాను."

ఆయన వేలు ఆ పేరు మీదే ఉండిపోయింది. అప్పటికే వినయ్ వచ్చి ఆయన వెనక నిలబడ్డాడు. పట్టీ కిందికి జరిపాడు. మళ్లీ పైకి జరిపాడు. వాడి నంబరు వెతికే పనిలేదని వాడికి తెలుసు, అయినా వెతికాడు.

"నీది కనపడదేంరా చిన్నోడా?" అన్నారు మామయ్యగారు. "ఎప్పుడో పెట్టావు కదా. సరిగ్గా చూడు."

"పెట్టలేదు నాన్నా."

"ఏంటీ?"

"శనివారం పెడదామని దిగాను. అన్నయ్య ఊరంతా డౌన్ అన్నాడు."

"డౌన్ ఏడైందన్నా," అంది స్వర్ణ. ఆ పిల్లకి ఎవరినీ ఇరికించాలని లేదు. ఆ రోజు చూసింది చెప్పింది, అంతే. "పైన మంచిగనే ఉండె. మెట్లు దిగినంకనే పోతుండె. మీ వైఫైలనే ఏదో అయిందనుకున్న."

వైఫైలో సైటు ఎలా పోతుందో అక్కడున్న ప్రతి క్యాబిన్‌కీ తెలుసు. వాళ్లే బతిమాలి క్రికెట్ ఆపించుకున్నవాళ్లు. ఒక్కొక్కరే ఫణి వైపు తిరిగారు. ఫణి తండ్రి వైపు చూశాడు.

"నాకేం తెలుసు ఈ మిషన్ల సంగతి," అన్నారు మామయ్యగారు. గొంతు సన్నగా వచ్చింది. "అంతా వాడే చూస్తాడు."

"మీరు చెప్తేనే కదా నాన్నా," అన్నాడు ఫణి.

వినయ్ ఇద్దరినీ ఒకసారి చూసి, నన్ను చూశాడు. నేను వాడి చూపు తప్పించుకోలేదు. వాడు మెట్లెక్కి వెళ్లిపోయాడు. బండి స్టార్టయిన చప్పుడు నారాయణగూడ వైపు పోయింది.

నేను పెట్టె సర్దుకుంటుంటే ఫణి గుమ్మంలో నిలబడ్డాడు.

"వాడు అడిగినప్పుడు నీకు తెలుసా, వాడు పెట్టలేదని?"

"అరచేతిలో నంబరు రాసుకున్నాడు. తెలుసు."

"నోరు తెరిచి ఒక్క మాట చెప్పొచ్చు కదా. వాడికి వయసైపోయింది తేజూ. ఇంకేం లేదు వాడికి."

"వాడు అడిగింది మిమ్మల్ని."

నేను చీరలు మడతపెట్టడం పూర్తిచేసి పెట్టె మూశాను. అతను ఎత్తబోతే వద్దన్నాను.

ఆసిఫాబాద్‌లో నాకు మంచి గది దొరికింది. కిటికీలోంచి అడవి కనిపిస్తుంది. పులి ఇంకా కనిపించలేదు. వానలు వెనకపడుతున్న రోజుల్లో ఒక సాయంత్రం మామయ్యగారు ఫోన్ చేశారు. వెనకాల హాలు చప్పుడు, ఎవరో తాళం అడుగుతున్నారు. వినయ్ గొంతు ఏదో క్యాబిన్ నంబరు చెప్పింది. నా కుర్చీలో ఇప్పుడు వాడు కూర్చుంటున్నాడట. అన్నదమ్ములకి మాటల్లేవట.

"కొత్త నోటిఫికేషన్ పడిందమ్మా," అన్నారు మామయ్యగారు. "హాలు సగం ఖాళీగా ఉంది. పాత ఫ్లెక్సీలో వాడి మొహం మేరకి బ్లేడుతో కోసేశాను, అది చూడ్డానికి బాగా లేదు. ఈసారి నీదొక్కదానిదే పెద్దది వేయిద్దాం. ఆఫీసు కుర్చీలో కూర్చున్న ఫోటో ఒకటి పంపమన్నానా, పంపావా? పొద్దుట్నుంచి చూస్తున్నాను, రాలేదే."

నేను ఏ ఫోటో పంపలేదు.

"పంపాను మామయ్యగారూ. ఇక్కడంతా బాగానే ఉంది. మీ దగ్గరే డౌనేమో. మీ పెద్దబ్బాయిని అడగండి."